ఒక్క పుంజు, తొమ్మిది పెట్టలు: మావయ్యగారి అసిల్ లైన్ నిలబడాలంటే

ప్రశ్న: అన్నగారూ, మా మావయ్యగారు చాలా ఏళ్ళు అసిల్ (పందెం కోళ్ళ పాత జాతి) కోళ్ళు పెంచారు, బయట పుంజుని ఎప్పుడూ రానివ్వలేదు. ఆయన పోయాక అవి నా చేతికొచ్చాయి. ఇప్పుడు ఒక పుంజు, తొమ్మిది పెట్టలు మిగిలాయి. పొదిగేసిన గుడ్లలో సగం కూడా పిల్లలవ్వట్లేదు. పుట్టినవాటిలో కొన్నిటికి తల మీది తురాయి నాటు కోడికి లాగా రంపం పళ్ళతో నిలువుగా వస్తోంది, ఒక పిల్లకి తోక పక్కకి తిరిగింది. మా మరిది పెరువియన్ (పెరూ దేశపు పందెం జాతి) పుంజుని తెచ్చి వేద్దాం, రెండేళ్ళలో సైజు వచ్చేస్తుంది అంటున్నాడు. ఊళ్ళో ఇంకొకాయన డేగ (ఎర్ర) రంగువి ఉంచి మిగతావి తీసెయ్యమంటున్నాడు. మావయ్యగారి కోళ్ళు ఆయన ఉన్నప్పటిలాగే ఉండాలని నా కోరిక. ఎక్కడ మొదలెట్టాలి?

జవాబు: చెల్లెమ్మా, ముందు మీ మరిదిగారినీ ఆ రంగు పెద్దాయన్నీ ఇద్దర్నీ కాస్త ఆగమనండి. ఇద్దరూ చెప్పేది వినడానికి బానే ఉంటుంది గానీ ఏది చేసినా మీ చేతిలో ఉన్న లైన్, అంటే ఆ వంశం, ఇంకా చిన్నదైపోతుంది, ఒకాయన దాన్ని కలిపేసి పోగొడతాడు, ఇంకొకాయన ఏరేసి పోగొడతాడు. మీ ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టింది తురాయి కాదు, వంకర తోకా కాదు, "ఒక పుంజు" అన్న మాట.

ఎందుకో లెక్క చెప్తాను, కంగారు పడకండి, చిన్న లెక్కే. మందలో ఎన్ని కోళ్ళున్నాయి అన్నది కాదు ముఖ్యం, రక్తం పరంగా అవి ఎన్ని కోళ్ళతో సమానం అన్నది ముఖ్యం. పుంజుల సంఖ్యని పెట్టల సంఖ్యతో గుణించి, దాన్ని మళ్ళీ నాలుగుతో గుణించి, మొత్తం పుంజులూ పెట్టలూ కలిపిన సంఖ్యతో భాగిస్తే ఆ లెక్క వస్తుంది. మీకు 1 పుంజు 9 పెట్టలు కాబట్టి 36ని 10తో భాగిస్తే 3.6. అంటే పది కోళ్ళు కనిపిస్తున్నా నిజానికి మీ దగ్గరున్నది మూడున్నర కోళ్ళ రక్తమే. ఇలాగే నడిస్తే తరానికి దాదాపు 14 శాతం చొప్పున దగ్గర సంబంధం పెరుగుతూ పోతుంది. పోనీ పెట్టల్ని పెంచుదాం అనుకుంటారేమో, వంద పెట్టల్ని పెట్టినా ఒక్కటే పుంజు ఉంటే ఈ లెక్క నాలుగు దాటదు. అదే 3 పుంజులు 9 పెట్టలైతే 9 అవుతుంది, నష్టం తరానికి 5.6 శాతానికి దిగుతుంది. 5 పుంజులు 20 పెట్టలైతే 16, నష్టం 3 శాతం చిల్లర. ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఆహార వ్యవసాయ సంస్థ జాతుల్ని కాపాడేవాళ్ళకి చెప్పేది తరానికి ఒక్క శాతం దాటనివ్వద్దని, దానికి ఈ లెక్క 50 ఉండాలి, ఉదాహరణకి 15 పుంజులు 75 పెట్టలు. ఒక ఇంట్లో అది అయ్యే పని కాదు, అందులోనూ అసిల్ పుంజులు మూడు నాలుగు నెలలొచ్చేసరికి ఒకదాన్నొకటి చంపుకునే రకం, ఒక్కోదానికి ఒక్కో గూడు కావాలి. అందుకే దీన్ని మూడు నాలుగు ఇళ్ళ మీద నడపాల్సిన పనిగా చూడండి, ఆ సంగతికి తర్వాత వస్తాను.

కాబట్టి మొట్టమొదటి పని కొత్త కోడిని కొనడం కాదు, పాత కోళ్ళని వెతకడం. మావయ్యగారు అన్నేళ్ళు పెంచారంటే ఎవరికో ఒకరికి ఇచ్చే ఉంటారు, ఆడబడుచు అత్తారింటికో, పొలం చూసేవాళ్ళకో, పక్కూరి స్నేహితుడికో. ఆ ఇళ్ళల్లో ఇంకా ఆ పుంజు సంతానం తిరుగుతుండొచ్చు. ఫోన్లు చేసి అడగండి, వెళ్ళి చూడండి. మీ లైన్‌దే అయ్యి కొన్నేళ్ళు వేరే ఇంట్లో పెరిగిన పుంజు దొరికిందంటే దానికి మించిన కొత్త రక్తం ఇంకోటి లేదు. కొత్తా అవుతుంది, మీదీ అవుతుంది. అయితే అక్కడ నాటు పెట్టలతో కలిసిందేమో చూసుకోవాలి, తురాయి, కళ్ళు, కాళ్ళు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఇప్పుడు గుడ్ల సంగతి. సగం పొదగలేదు అన్నారు గానీ ఎలా పొదగలేదో రాయలేదు, అదే అసలు విషయం. గుడ్లు పెట్టిన ఏడో రోజు రాత్రి చీకట్లో టార్చ్ ముందు పెట్టి చూడండి. లోపల ఏమీ లేకుండా తేటగా ఉంటే అది కట్టని గుడ్డు, తప్పు పుంజు వైపు వెతకాలి, ముసలిదైందా, బాగా కొవ్వు పట్టిందా, ఎండాకాలమా, పెట్టల్లో కొన్నిటినే తొక్కుతోందా అని. సాలీడు లాగా ఎర్ర నరాలు వచ్చి తర్వాత ఎర్ర గీతలా ఆగిపోయినా, పూర్తిగా పెరిగి పెంకులోనే చచ్చిపోయినా అది వేరే కథ, అక్కడ దగ్గర సంబంధం ఉండొచ్చు, మేత లోపం ఉండొచ్చు, గుడ్లు నిలవ ఉంచిన పద్ధతి తప్పు కావొచ్చు. చాలామంది పిల్లలు రాకపోతే వెంటనే "రక్తం పాతబడింది" అని తేల్చేసి కొత్త పుంజు కోసం పరిగెడతారు, తీరా చూస్తే గుడ్లని వంటింట్లో పొయ్యి పక్కన పదిహేను రోజులు దాచి ఉంటారు. గుడ్డు 20 డిగ్రీలు దాటిన వేడిలో ఉంటే లోపల పిండం నెమ్మదిగా కదలడం మొదలెట్టి మధ్యలో ఆగిపోతుంది, మన ఎండలకి గది వేడే చాలు దానికి. చల్లటి చోట, సన్న కొన కిందికి పెట్టి, వారం లోపు పొదిగెయ్యండి, ఎండాకాలమైతే మూడు నాలుగు రోజులు మించొద్దు. అసలు లైన్ కోసం పిల్లల్ని తీసేది కార్తీకం నుంచి మాఘం దాకా పెట్టుకోండి, మేలో తీసిన పిల్లల్ని చూసి లైన్ మీద తీర్పు చెప్పొద్దు.

మేత కూడా అంతే. గింజలు, నూకలు మాత్రమే తిన్న పెట్ట గుడ్డు పెడుతుంది గానీ ఆ గుడ్డులో పిల్లకి కావాల్సిన విటమిన్లు సరిపడా ఉండవు, రైబోఫ్లేవిన్ అనే బి2 విటమిన్ తగ్గితే పిండం మధ్యలోనే చచ్చిపోతుంది, పుట్టినా వేళ్ళు లోపలికి ముడుచుకుపోతాయి, చూసినవాళ్ళు అది వంశపారంపర్యం అనుకుని మంచి పెట్టని తీసేస్తారు. గుడ్లు సేకరించే నెల ముందు నుంచీ బ్రీడర్ ఫీడ్ (సంతానానికి ఉంచే కోళ్ళ మేత) ఇవ్వండి, దొరక్కపోతే ఆకుకూర, చెదలు, కాస్త ఎండుచేపల పొడి కలపండి. ఇవన్నీ సరిచేశాక కూడా పిల్లలు పెంకులోనే చచ్చిపోతుంటే అప్పుడు దగ్గర సంబంధం అనుకుందాం.

రంపం తురాయి గురించి మీరు బాగా బాధపడ్డట్టున్నారు, దానికి కాస్త వివరంగా చెప్తా. అసిల్‌కి ఉండాల్సింది పీకోంబ్, అంటే తల మీద మూడు వరసల్లో గింజలు గింజలుగా అణిగి ఉండేది. ఆ లక్షణం బలమైనది, ఒక్క వైపు నుంచి వచ్చినా పైకి కనిపిస్తుంది. రంపం తురాయి బలహీనమైనది, రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడుతుంది. అంటే మీ పుంజులోనూ కొన్ని పెట్టల్లోనూ అది దాక్కుని ఉంది, అలాంటి రెండు కలిస్తే సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి రంపం వస్తుంది. దీనికోసం మావయ్యగారు ఎక్కడో మోసపోయారని అనుకోవద్దు, ఆయన చేతికి రాకముందే ఎప్పుడో ఏ నాటు కోడో కలిసి ఉండొచ్చు, పైకి కనిపించకుండా తరాల తరబడి ప్రయాణం చేస్తుంది అది. మంద చిన్నదై దగ్గర సంబంధాలు పెరిగేసరికి ఇప్పుడు కలుసుకుని బయటికొచ్చింది.

మరి ఏం చెయ్యాలంటే, ఉన్న ఒక్క పుంజునీ దీనికోసం తీసెయ్యొద్దు. దాని కొడుకుల్ని పరీక్షించండి. పరీక్షకి కావాల్సింది రంపం తురాయి పెట్ట, అవి మీ ఇంట్లోనే పుట్టాయి కదా, వాటిని కూర వండెయ్యకండి, రెండిటిని ఉంచండి. ఏ కుర్ర పుంజుని ఎంచుకోవాలనుకుంటున్నారో దాన్ని ఈ పెట్టకి వెయ్యండి. ఏడు పిల్లలు వచ్చి ఏడిటికీ పీకోంబే ఉందంటే ఆ పుంజులో రంపం దాక్కుని లేదని దాదాపు నమ్మొచ్చు, దాక్కుని కూడా ఏడిట్లోనూ తప్పించుకునే అవకాశం 128లో ఒకటి. ఒక్క పిల్లకి రంపం వచ్చినా అది మోస్తున్నట్టే. ఇంకో గుర్తు ఏంటంటే, లోపల రంపం దాచుకున్న కోళ్ళకి తరచుగా తురాయి మధ్య వరస కాస్త ఎత్తుగా లేస్తుంది, గొంతు కింద లోలకులు కాస్త పెద్దవిగా ఉంటాయి, అది ఖాయం కాదు గానీ ఎంపికలో సాయం చేస్తుంది. ఈ పరీక్ష పిల్లలు మాత్రం లైన్‌లోకి రావు, వాటిని ఏం చేసుకున్నా మీ ఇష్టం.

తోక పక్కకి తిరిగిన పిల్ల విషయంలో మాత్రం జాలి వద్దు. ముందు అది చిన్న గంపలో ఇరుక్కుని పెరగడం వల్లో దెబ్బ వల్లో వచ్చిందేమో చూడండి, కాదంటే దాన్ని పెంచుకోండి, అమ్ముకోండి, సంతానానికి మాత్రం వాడొద్దు. పై ముక్కూ కింది ముక్కూ కత్తెరలా అడ్డంగా పడేవి, వీపు గూనిగా లేచినవి, వెనక వేలు ముందుకి తిరిగినవి, ఇవన్నీ అదే కోవ.

ఇప్పుడు అసలు ప్రశ్న, "మావయ్యగారి కోళ్ళు అలాగే ఉండాలి" అన్నారు. అలాగే అంటే ఎలాగ? ఇది రాసి పెట్టారా ఎక్కడైనా? ఇది లేకుండా ఎంపిక మొదలెడితే ఏటా మీ కంటికి నచ్చింది ఉంచుతారు, కన్ను ఏటా కాస్త కాస్త మారుతుంది, పదేళ్ళకి చూస్తే మంచి కోళ్ళే ఉంటాయి గానీ ఆయన కోళ్ళు ఉండవు. ఇంగ్లండ్‌లో కోళ్ళ స్టాండర్డ్ పుస్తకం 1865లోనే వేశారు, అమెరికా వాళ్ళు 1874లో వేశారు, అందులో ఒక్కో జాతికీ తల నుంచి గోరు దాకా ఎలా ఉండాలో రాసి ఉంటుంది. అసిల్‌ని ఆ అమెరికా పుస్తకంలో 1981లో చేర్చారు. కానీ మీరు దాన్ని కాపీ కొట్టొద్దు, ఎందుకంటే వాళ్ళ అసిల్ పుంజు 2.5 కిలోలు, మన దగ్గర ఎదిగిన పుంజు 4 కిలోల దాకా తూగుతుంది, వాళ్ళకి వెళ్ళింది ఇక్కడి చిన్న రకం. మన జాతీయ జంతు జన్యు వనరుల బ్యూరో, కర్నాల్‌లో ఉంది కదా, వాళ్ళ రిజిస్టర్‌లో అసిల్ ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు జాతిగా నమోదై ఉంది, ఆ వర్ణన ఒకసారి చదవండి. ఆ తర్వాత మీ కాగితం మీరే రాసుకోండి.

ఆ కాగితంలో ఏముండాలంటే, తల వెడల్పుగా, కనుబొమ్మల ఎముక పైకి వచ్చి కన్ను లోతుగా, కన్ను తెల్లగా ముత్యం రంగులో, ముక్కు పొట్టిగా లావుగా కొన వంగి, పీకోంబ్ అణిగి, లోలకులు ఉన్నా లేనట్టే. మెడ పొడవు, భుజాలు వెడల్పు, వీపు భుజాల దగ్గర వెడల్పై తోక వైపుకి సన్నబడుతూ వాలి, తోక కిందికి దిగి. కాళ్ళు లావుగా, ఎడంగా, నిటారుగా. ఈకలు పొట్టిగా, గట్టిగా, ఒంటికి అంటుకుని, రొమ్ము ఎముక దగ్గర ఎర్ర చర్మం కనబడేలా. చేత్తో పట్టుకుంటే చూసినదానికన్నా బరువుగా తగలాలి, ఇది చేతికి తెలియాల్సిందే, కాగితం మీద రాయడం కష్టం. మావయ్యగారి పాత ఫోటోలు పెళ్ళి ఆల్బమ్‌లలో వెనకాల ఎక్కడైనా కోళ్ళతో సహా దొరుకుతాయేమో చూడండి, ఆయనతో తిరిగినవాళ్ళని కూర్చోబెట్టి ఏ పుంజు ఆయనకి ఇష్టమో ఎందుకు ఇష్టమో అడిగి రాసుకోండి. మీ లైన్ చిలకముక్కు పొడుగు తోక రకమైతే ఆ లెక్క వేరు, ముక్కు, తోక గురించి నేను పైన చెప్పినది మీకు వర్తించదు, రెండిటినీ మాత్రం కలపొద్దు.

రంగు ఆ కాగితంలో చివరి వరస. ఊరి పెద్దాయన డేగలే ఉంచమన్నాడంటే ఆయన తప్పేం కాదు, మన దగ్గర కోడి అనగానే ముందు రంగే, డేగ, కాకి, నెమలి, సేతు, పర్ల, సవల, మైల, కౌజు అని ఒక్కోదానికీ పేరుంది, కుక్కుట శాస్త్రం పేరుతో ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పేవాళ్ళూ ఉన్నారు (ఏ రంగు పిల్లకి ఏ పెట్ట కావాలో చెప్పినవాణ్ణి మాత్రం నేను వినలేదు). కానీ అసిల్ ఒకే రంగు జాతి కాదు. తొమ్మిది పెట్టల్లో డేగ రంగువి నాలుగున్నాయనుకోండి, మిగతా అయిదూ తీసేస్తే ఆ అయిదిట్లో ఉన్న ఎముక, కన్ను, గుడ్లు పెట్టే గుణం, రోగం తట్టుకునే శక్తి అన్నీ రంగుతో పాటే పోతాయి. మందలో వంద కోళ్ళున్నప్పుడు రంగుల ముచ్చట పెట్టుకోండి. ఇప్పుడు ఎత్తుగా, అన్నీ సరిగ్గా ఉన్న కాకి (నల్ల) పెట్ట ఒకటి, కాళ్ళు సన్నగా ఉన్న అందమైన డేగ పెట్ట ఒకటి ఎదురుగా ఉంటే మారు ఆలోచన లేకుండా కాకినే ఉంచండి.

పెరువియన్ విషయం. మీ మరిదిగారు చెప్పినట్టు మొదటి తరం పిల్లలు నిజంగానే పెద్దగా, చురుగ్గా, తొందరగా పెరుగుతాయి, సంకరం చేస్తే చాలావరకు అంతే. అది చూసి అందరూ మురిసిపోతారు. వాటిని వాటిలో వాటికే కలిపితే రెండో తరంలో ఒకటి పొడుగు ఒకటి పొట్టి, ఒకటి అసిల్ ముఖం ఒకటి ఇంకేదో ముఖం, చెల్లాచెదురైపోతాయి. వెనక్కి రావాలంటే మళ్ళీ మీ పాత కోళ్ళకే వేస్తూ పోవాలి, బయట రక్తం మొదటి తరంలో సగం, తర్వాత 25, 12.5, 6.25 శాతం, అసిల్‌కి ఒక తరం అంటే ఏడాది ఏడాదిన్నర, లెక్కేసుకోండి ఎన్నేళ్ళో. ఆ వెనక్కి రావడానికి కావాల్సిన శుద్ధమైన పాత కోళ్ళు అప్పటికి మిగలాలి కదా, మీకున్నవే పది. మరిదిగారికి పెరువియన్ సరదా ఉంటే వేరే పెట్టలు కొనుక్కుని వేరే దొడ్లో పెంచుకోమనండి, మీ పెట్టల వైపు ఆ పుంజు ఒక్క పూట కూడా రాకూడదు, ఎందుకంటే పెట్ట లోపల పుంజు బీజం రెండు మూడు వారాలు నిలవ ఉంటుంది. మీ పెట్టలకి ఎప్పుడు పుంజు మార్చినా మూడు వారాలు ఆగి ఆ తర్వాత గుడ్లే లైన్ కోసం తియ్యండి.

బయటి రక్తం నిజంగా తప్పదు అనే రోజు రావొచ్చు, పాత సంతానం ఎక్కడా దొరక్కపోతే, అన్నీ సరిచేసినా పిల్లలు నిలవకపోతే. అప్పుడు కూడా అసిలే, అదే రకం శరీరం ఉన్న ఇంకో పాత ఇంటి లైన్ నుంచే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ వాళ్ళు అసిల్‌ని విడిగా పెంచుతున్నారు, అక్కడ కూడా అడగొచ్చు. తెచ్చేటప్పుడు పుంజుని కాకుండా పెట్టని తెండి. పుంజైతే ఒక్క ఏడాదిలో మందంతా దాని పిల్లలే, తప్పు జరిగితే దిద్దుకోడానికి చోటుండదు. పెట్టైతే మీ పుంజుకి దాన్ని ఒక్కదాన్నే వేసి, పిల్లల్ని విడిగా ఏడాది పెంచి, నచ్చితే దాని కొడుకుని వాడతారు, నచ్చకపోతే ఆ గూడు ఖాళీ చేస్తారు, మిగతా మందకి ఏమీ కాదు. తెచ్చిన కోడిని నెల రోజులు దూరంగా ఉంచాలి, తెల్లపారుడు రోగానికి రక్త పరీక్ష చేయించాలి, అది గుడ్డు ద్వారా తల్లి నుంచి పిల్లకి వస్తుంది.

ఇక ఈ సీజన్‌లో ఏం చెయ్యాలంటే, తొమ్మిది పెట్టల్ని మూడేసి చొప్పున మూడు కుటుంబాలు చెయ్యండి. అక్కాచెల్లెళ్ళని తెలిసినవాటిని ఒకే కుటుంబంలో పెట్టండి. ఒక్కో కుటుంబానికి కాలికి ఒక్కో రంగు రింగు వెయ్యండి, ఎర్ర రింగు, పసుపు రింగు, నీలం రింగు. ఉన్న పుంజుని ఒక్కో గుంపు దగ్గర వంతులుగా తిప్పండి. గుడ్డు పెట్టగానే పెన్సిల్‌తో పెట్ట గుర్తు, తేదీ రాయండి, ఏ పెట్టది ఏ గుడ్డో తెలీకపోతే గుడ్డు పెట్టే వేళకి విడివిడి గంపల కింద కప్పెట్టండి. పిల్ల పుట్టిన రోజే కాలి వేళ్ళ మధ్య పొరకి చిన్న చిల్లు పొడవండి, ఒక్కో కుటుంబానికి ఒక్కో చోట, అది జీవితాంతం ఉంటుంది, రింగులు ఊడిపోతాయి. ఒక్కో కుటుంబం నుంచి రెండు మంచి కొడుకులు, నాలుగైదు కూతుళ్ళు మిగిలితే ఆ ఏడాది గెలిచినట్టే.

రెండో ఏడు ఎర్ర వాళ్ళ కొడుకు పసుపు గుంపుకి, పసుపు కొడుకు నీలానికి, నీలం కొడుకు ఎర్రకి. పెట్టలు ఎప్పుడూ తల్లి కుటుంబంలోనే ఉంటాయి, పుంజులే ప్రతి ఏడూ పక్క గుంపుకి మారతాయి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. మొదటి ఏడాది పిల్లలందరికీ తండ్రి ఒక్కడే కదా, ఎర్ర కొడుకుని పసుపు కూతుళ్ళకి వేస్తే అన్నాచెల్లెళ్ళ సంబంధమే, సగం రక్తంతో, 12.5 శాతం. అందుకని రెండో ఏడాది కూతుళ్ళకి కాకుండా పసుపు గుంపులోని పాత పెట్టలకే వెయ్యండి. ఆ తొమ్మిది ముసలి పెట్టలే మీ ఆస్తి, గుడ్లు తగ్గాయని ఒక్కదాన్నీ అమ్మొద్దు, ఏడాదికి పది గుడ్లు పెట్టినా చాలు. పుంజుని అమ్మినా పెట్టని అమ్మని ఇళ్ళు ఉండేవి, ఊరికే కాదు. తండ్రిని కూతుళ్ళకి వెయ్యడం, తోడబుట్టినవాటిని కలపడం మాత్రం 25 శాతం, అది మీ పరిస్థితిలో అస్సలు వద్దు.

జత కట్టేటప్పుడు ఒకే లోపం రెండు వైపులా ఉండకుండా చూసుకోండి. కాళ్ళు సన్నగా ఉన్న పెట్టకి కాళ్ళు సరిగ్గా ఉన్న పుంజు కావాలి, మరీ లావు కాళ్ళ పుంజు కాదు. లోపానికి విరుగుడు ఇంకో వైపు అతి కాదు, సరైనది. మరీ పొడుగుని మరీ పొట్టితో కలిపితే మధ్యస్థం వస్తుందని అనుకుంటారు, కొంత వస్తుంది కూడా, తర్వాత తరంలో మళ్ళీ రెండు కొసలకీ చీలిపోతుంది.

ఏరివేత తొందర పడొద్దు. పుట్టినప్పుడు అంగవైకల్యం, రెండో నెలలో ఎదుగుదల, ఆరేడు నెలలప్పుడు కాళ్ళు, వీపు, తోక చూసి తియ్యండి. తల, భుజాలు, బరువు మాత్రం అప్పుడు తేల్చొద్దు, అసిల్ నిదానంగా ఎదిగే జాతి, పుంజుకి ఏడాదిన్నర రెండేళ్ళు వస్తే గానీ అసలు రూపం రాదు. ఆరు నెలలకే పెద్దగా కనిపించినవాటిని ఏటా ఎంచుకుంటూ పోతే తెలీకుండానే తొందరగా ఎదిగే ఇంకేదో కోడిని తయారు చేస్తారు.

ఇంకోటి, సంక్రాంతి. దసరా దాటగానే మీ గుమ్మం ముందు బైకులు ఆగుతాయి, మంచి కుర్ర పుంజుకి మీరు ఊహించని రేటు చెప్తారు. పందెం చట్టవిరుద్ధం, 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారమూ, 1974 ఏపీ గేమింగ్ చట్టం ప్రకారమూ, ఆ సంగతి అందరికీ తెలుసు. పెంపకం పరంగా చూసినా, ప్రతి ఏడూ మందలో అన్నిటికన్నా మంచి పుంజు పిల్లలివ్వకముందే బరికి వెళ్ళిపోతుంటే మిగిలేది రెండో రకమే, చాలా పాత లైన్లు అలాగే కరిగిపోయాయని నా అభిప్రాయం. అందుకని ఏ ఆరు పుంజులు ఉంచాలో దసరాకి ముందే తేల్చి నోట్‌బుక్‌లో రాసెయ్యండి, ఇంట్లో అందరికీ చెప్పెయ్యండి, అవి అమ్మకానికి లేవు అంతే.

ఆ ఆరిటినీ ఒకే దొడ్లో ఉంచొద్దు. పాత తూర్పు గోదావరి జిల్లా ఏజెన్సీ ఊళ్ళల్లో పెట్టని వాటాకి ఇచ్చే పద్ధతి ఉంది, పెట్ట మీది, పెంచేది వాళ్ళు, పిల్లల్లో చెరి సగం. మీరూ అలాగే నమ్మకమైన రెండు మూడు ఇళ్ళల్లో ఒక్కో పుంజు, రెండేసి పెట్టలు పెట్టండి, షరతు ఒక్కటే, వేరే పుంజుతో కలవకూడదు. ఇంకా పొదిగించడానికి మీ అసిల్ పెట్టల్నే కూర్చోబెట్టాలని లేదు, ఏ నాటు పొదుగుపెట్ట కింద పెట్టినా 21 రోజులకి పిల్లలొస్తాయి, మీ పెట్ట త్వరగా మళ్ళీ గుడ్లకి వస్తుంది.

కొక్కెర తెగులు ఒక్కసారి ఊళ్ళోకి వస్తే ఈ నోట్‌బుక్కులూ రింగులూ ఏమీ పనికి రావు, దానికి మొదటి వారంలో లసోటా టీకా కంటిలో చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా ఇంజెక్షన్, మధ్యలో మళ్ళీ లసోటా ఎప్పుడు వెయ్యాలో మీ పశువుల డాక్టర్‌గారిని అడగండి, అమ్మోరు టీకా గురించి కూడా. వాటా ఇళ్ళల్లో కోళ్ళకీ, ఆ ఇంటివాళ్ళ సొంత నాటు కోళ్ళకీ కూడా అదే రోజు వేయించండి, ఖర్చు మీరే పెట్టుకోండి.